వేసవి పద్దు

జూన్ మాసంలో అమెరికాలో హైస్కూలు పిల్లలు సెలవులకు ఇల్లు చేరేటప్పుడు చాలామంది సంచుల్లో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి, బడి మళ్ళీ తెరిచేలోగా చదివి తీరవలసిన పుస్తకాల జాబితా. రెండవది, ఫలానా సంస్థలో ఇన్ని గంటలు సేవ చేసినట్లు అక్కడి బాధ్యుల చేత సంతకం పెట్టించుకొని తేవలసిన పత్రం. అన్ని బడులలోనూ రెండూ ఉండవు. కొన్నిచోట్ల ఒక్కటే ఉంటుంది, కొన్నిచోట్ల ఏదీ ఉండదు. కానీ అక్కడ కాపురముంటున్న తెలుగువారికి ఈ కాగితాలు బాగా పరిచితాలే. వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరూ, మాగాయ ముక్కలు ఎండబెట్టిన డాబా, మధ్యాహ్నపు నిద్రా మాత్రమే ఎరిగి పెరిగిన తల్లిదండ్రులు వీటిని చూసి, "సెలవుల్లో కూడా ఈ బడి పెత్తనమేమిటి?" అని అడగడం నేను చాలాసార్లు విన్నాను.

న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం చరిత్రలో వెతకవచ్చునని నాకు తోచింది. వెతికిన కొద్దీ ఆ ప్రశ్నకు తోడుగా మరొకటి లేచి నిలబడింది. బడి వేసవిలోకి అడుగుపెట్టినప్పుడు దాని చేతిలో ఏముంది? ఇవ్వడానికి వచ్చిందా, అడగడానికి వచ్చిందా?

ముందుగా ఆ సెలవుల సంగతి. పొలం పనులకు పిల్లలు కావాలి గనుక వేసవిలో బడులు మూసేవారని అమెరికాలో చాలామంది నమ్ముతారు. సేద్యం తెలిసినవారికి ఈ మాట పొసగదు. అక్కడ విత్తడం వసంతంలో, కోతలు శరత్తులో. మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. పందొమ్మిదవ శతాబ్దపు పల్లెబడులు చలికాలంలో ఒక విడత, వేసవిలో ఒక విడత నడిచేవి. నగరాల్లోనైతే దాదాపు ఏడాది పొడుగునా బడే. 1842లో న్యూయార్క్ నగరపు బడులు 248 రోజులు తెరిచి ఉన్నాయి. నేడు అక్కడి బడుల్లో చాలావరకు జరిగేది 180 రోజులు. నగరపు ఎండల్లో ఉక్కిరిబిక్కిరి చేసే ఇరుకు గదులు, అంటురోగాల భయం, కలిగినవారు కుటుంబాలతో చల్లని చోట్లకు తరలిపోవడం, ఎడతెరిపి లేని చదువు పిల్లల మెదడుకు చేటు అన్న ఆనాటి నమ్మకం, పల్లెకూ పట్నానికీ ఒకే పంచాంగం ఉండాలన్న విద్యాధికారుల పట్టుదల: ఇవన్నీ కలిసి ఆ శతాబ్దాంతానికి సుదీర్ఘమైన వేసవి సెలవును స్థిరపరచాయి. కనుక ఆ సెలవు నాగలి ఇచ్చిన వరం కాదు, నగరం కుదుర్చుకున్న రాజీ.

ఆ ఖాళీని మొదట గమనించినవారు బడిపంతుళ్ళు కారు, గ్రంథపాలకులు. క్లీవ్‌లండ్ ప్రజా గ్రంథాలయంలో లిండా ఈస్ట్‌మన్ 1897లో పిల్లల కోసం ఒక 'లైబ్రరీ లీగ్' స్థాపించింది. చేతులు శుభ్రంగా ఉంచుకుంటామనీ, పుస్తకాలను జాగ్రత్తగా వాడతామనీ, తోటివారికి మంచి పుస్తకాలు చెబుతామనీ మాట ఇవ్వడమే అందులో చేరడానికి అర్హత. హార్ట్‌ఫర్డ్‌లో కారొలిన్ హ్యూయిన్స్ దాదాపు అదే కాలంలో సెలవు రోజుల్లో పిల్లలను కూర్చోబెట్టుకొని పుస్తకాల కబుర్లు చెప్పేది. పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయం వేసవి ఆటస్థలాలకే పుస్తకాలు పంపింది. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. సెప్టెంబరులో పరీక్ష లేదు. కొత్తగా వలస వచ్చిన కార్మికుల పిల్లలు కిక్కిరిసిన ఆ నగరాల్లో పుస్తకమే పిల్లవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. వేసవి పఠనానికి ఇది తొలి వంశం.

హైస్కూలు జాబితాది వేరే వంశం. దాని మూలం కళాశాల ద్వారం దగ్గర ఉంది. 1870లలో హార్వర్డ్, ప్రవేశం కోరే విద్యార్థులు తాను నిర్ణయించిన ప్రామాణిక గ్రంథాల మీద వ్యాసం రాయాలని నియమం పెట్టింది. ఒక్కొక్క కళాశాలా ఒక్కొక్క జాబితా ప్రకటించేసరికి ఉన్నత పాఠశాలలు తలపట్టుకున్నాయి. 1894 నుంచి ఆ జాబితాలను ఏకరూపం చేసే ప్రయత్నం మొదలైంది. చేసిన కొద్దీ బడిలో ఏం చదవాలో కళాశాలే శాసించే స్థితి బలపడింది. ఈ పెత్తనం మీద ఉపాధ్యాయుల అసమ్మతి 1911లో చికాగోలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలి ఏర్పడటానికి ఒక ముఖ్య కారణం. జాబితాలు సడలాయి గానీ పోలేదు. 1950ల నడుమ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు వచ్చాక, పెద్ద చదువుకు వేసవిలోనే పునాది వేయాలనే అలవాటుకు మరింత ఊతం దొరికింది. ఈ రెండవ వంశంలో పుస్తకం పిల్లవాడి దగ్గరకు రాదు. దాని పేరు మాత్రం వస్తుంది. తెచ్చుకోవడం, చదువుకోవడం, చదివినట్లు రుజువు చూపించడం అతని వంతు.

ఈ తేడా ఎంతటిదో లెక్కల్లో తెలిసింది 1978లో. ఆ ఏడాది బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరపు ఆరు, ఏడు తరగతుల పిల్లల మీద తాను చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. బడి నడిచే నెలల్లో పేద పిల్లలకూ కలిగిన పిల్లలకూ చదువులో పెరుగుదల దగ్గర దగ్గరగానే ఉంటుందనీ, దూరం ఎక్కువగా పెరిగేది వేసవిలోననీ ఆమె చూపింది. సెలవుల్లో పుస్తకాలు చదివిన పిల్లలు, ఏ స్థాయి కుటుంబాల వారైనా, మెరుగుపడ్డారు. ఎవరు చదివారన్నది మాత్రం కొంతవరకు ఒక అతి సామాన్యమైన విషయం మీద ఆధారపడింది: ఇంటికి గ్రంథాలయం ఎంత దూరం? ఇది చదివినప్పుడు నాకు క్లీవ్‌లండ్ గుర్తుకొచ్చింది. ఎనభై ఏళ్ళ క్రితం గ్రంథపాలకులు ఊహతో పట్టుకున్నదే ఇక్కడ అంకెల్లో కనిపించింది.

2010లో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ బృందం ఫ్లోరిడాలోని పేద బడుల చిన్నపిల్లలతో చేసిన ప్రయోగ ఫలితాలను ప్రకటించింది. వరుసగా మూడు వేసవులు, ఒక్కొక్కరికి 12 పుస్తకాలు, పిల్లలు తమంతట తాము ఎంచుకున్నవి, ఉచితంగా ఇచ్చారు. వారి పఠన సామర్థ్యం మిగిలినవారికన్నా మెరుగైంది. వేసవిలో చదువు నిజంగా ఎంత తరుగుతుందన్న విషయంలో ఇటీవల సందేహాలు వచ్చిన మాట వాస్తవం. పాత పరీక్షల నిర్మాణమే ఆ తరుగును పెద్దదిగా చూపిందని పాల్ వాన్ హిప్పెల్ 2019లో వాదించాడు. ఆ వాదం ఎటు తేలినా, పుస్తకం చేతికిచ్చిన చోట పిల్లలు చదివారన్న సంగతి మాసిపోదు.

ఇక రెండవ కాగితం. యువతను నిర్బంధంగా సేవలో పెట్టాలన్న ఊహకు అమెరికాలో పెద్దగా చెప్పుకునే మూలపురుషుడు తత్త్వవేత్త విలియం జేమ్స్. యుద్ధం మనిషిలో కలిగించే క్రమశిక్షణనూ, త్యాగబుద్ధినీ రక్తపాతం లేకుండా సాధించడానికి పడుచువారందరినీ కొన్నేళ్ళు గనుల్లో, రోడ్ల మీద, వంటిళ్ళలో కష్టపడనివ్వాలని అతడు 1910లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు. అతని దృష్టిలో ఇది ముఖ్యంగా సుఖంలో పెరిగిన పిల్లలకు కావలసిన మందు. 1933లో రూజ్వెల్ట్ నెలకొల్పిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్‌లో ఆ ఊహ నీడ కొందరికి కనబడింది. కానీ ఆ యువకులు నిరుపేదలు. వారికి నెలకు 30 డాలర్లు ముట్టేవి, అందులో 25 ఇంటికి చేరేవి. అది ఉపాధి, నిర్బంధ సేవ కాదు.

హైస్కూలుకు సేవాగంటలు వచ్చిన దారి వేరు. 1983లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఎర్నెస్ట్ బోయర్ రాసిన హైస్కూలు నివేదిక, ప్రతి విద్యార్థీ ఏడాదికి 30 గంటల చొప్పున నాలుగేళ్ళలో 120 గంటలు సేవ చేయాలని సూచించింది. సాయంకాలాలు, వారాంతాలు, వేసవి అందుకు అనువైన కాలాలుగా చెప్పింది. 1985లో మేరీలండ్ రాష్ట్రం స్వచ్ఛంద సేవకు చదువులో గుర్తింపు ఇమ్మని బడులకు చెప్పింది. 1992లో మరో అడుగు వేసి, 1997లో బడి ముగించేవారితో మొదలుపెట్టి 75 గంటల సేవ చేయనిదే పట్టా లేదని నియమించింది. ఒక రాష్ట్రం మొత్తానికి అలాంటి నియమం అదే మొదటిది. సరిహద్దుకు ఆవల కెనడాలోని ఒంటారియో 1999 నుంచి 40 గంటలు విధించింది.

అప్పుడు కోర్టులు రంగంలోకి వచ్చాయి. పెన్సిల్వేనియాలోని బెత్లహేమ్ బడులలో 60 గంటలు, న్యూయార్క్ రాష్ట్రంలోని రై నెక్‌లో 40 గంటలు, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో 50 గంటలు సేవ చేయాలన్న నియమాలను కొందరు విద్యార్థులూ తల్లిదండ్రులూ సవాలు చేశారు. వారు ఆశ్రయించినది మామూలు సెక్షన్ కాదు; అంతర్యుద్ధానంతరం 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ. బానిసత్వంతో పాటు ఇష్టం లేని చాకిరీని కూడా ఆ సవరణ నిషేధించింది. దీనికి తెలుగులో సరైన మాట ఏదని ఆలోచిస్తే 'వెట్టి' అన్నదే తడుతుంది. దొరల గడీలలో తరాల తరబడి వెట్టి చేసిన తెలంగాణ పల్లెల జ్ఞాపకం ఆ మాటలో ఉంది గనుక, బడిపిల్లల సేవాగంటలకు దాన్ని వాడబోతే నోరు వెనక్కి తగ్గుతుంది. న్యాయమూర్తుల నోరూ అలాగే వెనక్కి తగ్గింది. బలప్రయోగంతోనో, చట్టం చూపించే శిక్షాభయంతోనో చేయించే చాకిరీకీ, చదువులో భాగంగా, విద్యార్థి మేలు కోరి పెట్టిన పనికీ సామ్యం లేదని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టులు 1993లో ఒకసారి, 1996లో రెండుసార్లు తీర్పు చెప్పాయి. ఇష్టం లేనివారు ప్రైవేటు బడికి పోవచ్చు, ఇంటి దగ్గర చదువుకోవచ్చు అన్నాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులలో తలదూర్చలేదు.

బెత్లహేమ్ కేసులో మరొక వాదం ఉంది. అదే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. "పరోపకారం మంచిదన్న అభిప్రాయాన్ని మా చేత బలవంతాన ప్రకటింపజేస్తున్నారు, ఇది వాక్స్వాతంత్ర్యానికి భంగం" అన్నారు విద్యార్థులు. సేవ చేసినంత మాత్రాన ఆ సిద్ధాంతాన్ని నమ్మినట్లు కాదని కోర్టు కొట్టివేసింది. న్యాయశాస్త్రంగా అది సరే. కానీ ఆ మాటలో బడికి చేదైన నిజం ఒకటి దాగి ఉంది. గంటలు పూర్తి చేయడం వేరు, సేవాభావం కలగడం వేరు అని కోర్టే చెప్పినట్లయింది కదా!

ఆ భావం కలుగుతుందా లేదా అన్నది పరిశోధకులు తర్వాత చూశారు. 1999లో వెలువడిన ఒక మనస్తత్వ అధ్యయనం ప్రకారం, సేవ మీద ముందే విముఖత ఉన్నవారిని బలవంతపెడితే మళ్ళీ చేయాలన్న కోరిక మరింత తగ్గింది. 2003లో మెట్జ్, యూనిస్ అనేవారు బాస్టన్ శివారులోని ఒక హైస్కూలులో దీనికి భిన్నంగా, మొదట ఇష్టం లేని పిల్లలకే ఎక్కువ మేలు జరిగిందని కనుగొన్నారు. మేరీలండ్ నియమాన్ని పరిశీలించిన సారా హెల్మ్స్ 2013లో, ఎనిమిదవ తరగతిలో సేవ పెరిగినా పన్నెండవ తరగతికి వచ్చేసరికి తగ్గిందని చూపింది. గంటల లెక్క తొందరగా తేలిపోతే పని కూడా అక్కడితో ఆగిందన్నమాట. ఈ భిన్న ఫలితాలను కలిపి చూస్తే నాకు అర్థమైనది ఇది: నియమం ఒక్కటే మంచీ చేయదు, చెడూ చేయదు. పని ఎంత అర్థవంతమైనది, తోడుగా పెద్దలెవరున్నారు, దాని గురించి తరగతిలో మాట్లాడుకున్నారా అన్నవే తేల్చేవి. వీటన్నిటికీ ఖర్చవుతుంది. బడులలో సేవావిద్యకు ధనసహాయం చేయడానికి 1993 నాటి చట్టంతో ఏర్పడ్డ 'లెర్న్ అండ్ సర్వ్ అమెరికా' పథకానికి 2011లో కాంగ్రెస్ నిధులు ఆపివేసింది. గంటలు మాత్రం ఎవరూ ఆపలేదు.

తెలుగువారికి ఈ భావన పూర్తిగా కొత్తదేమీ కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో మన జాతీయ సేవా పథకం మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు అందులో నియమం. ఇప్పుడు అమెరికాలో సేవాపత్రాల మీద సంతకాల కోసం పిల్లలను కారులో తిప్పుతున్న తల్లిదండ్రులలో, ఒకప్పుడు ఏదో పల్లెలో వారం రోజుల శిబిరంలో రోడ్డు వేసినవారూ, మొక్కలు నాటినవారూ ఉన్నారు. తేడా ఏమిటంటే, ఆ శిబిరానికి కళాశాలే తీసుకువెళ్ళింది. మాస్టారు వెంట ఉన్నారు. అన్నం అక్కడే వండారు. చేరడమూ చేరకపోవడమూ విద్యార్థి ఇష్టం.

ఆ తేడా చిన్నది కాదు. నేనెరిగిన తెలుగు కుటుంబాలలో పిల్లలకు గంటలు దొరకడం కష్టం కాదు. గుడిలో వడ్డన ఉంటుంది, ఆదివారం తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడం ఉంటుంది, దింపడానికి తల్లికో తండ్రికో కారు ఉంటుంది. అదే ఊళ్ళో మరో పిల్ల వేసవంతా ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటుంది, మంచం పట్టిన నాయనమ్మకు అన్నం తినిపిస్తుంది, సాయంత్రం కిరాణా కొట్టులో పనిచేస్తుంది. ఆమె పద్దులో సాధారణంగా సున్న పడుతుంది. ఇంటివారికి చేసినది సేవ కాదు, జీతానికి చేసినది అసలే కాదు. పుస్తకాల సంగతీ అంతే. జాబితాలో ఆరు పేర్లు ఉంటే ఒక ఇంటికి ఆరూ రెండు రోజుల్లో పెట్టెలో వస్తాయి. మరొక ఇంటి పిల్ల గ్రంథాలయంలో తన వంతు కోసం ఎదురుచూస్తుంది. సెప్టెంబరులో ఇద్దరికీ ప్రశ్నపత్రం ఒక్కటే.

వేసవిలో పిల్లలు చదవాలి, పదిమందికి పనికిరావాలి అన్న కోరికలో దోషం లేదు. ఆ కోరికను బడి అడగవచ్చునా అంటే అడగవచ్చునని కోర్టులు మూడుసార్లు చెప్పాయి, నేనూ ఒప్పుకుంటాను. కానీ నూటపాతికేళ్ళకు పైబడిన ఈ చరిత్రలో వేసవి నిజంగా ఫలించిన చోట్లు చూడండి. క్లీవ్‌లండ్‌లో పుస్తకం ఇచ్చారు, ఆటస్థలంలో పుస్తకం ఇచ్చారు, ఫ్లోరిడాలో పన్నెండేసి పుస్తకాలు ఇచ్చారు. అడిగే హక్కు బడికి ఉండవచ్చు. ఇవ్వకుండా అడిగితే మాత్రం, ఆ వేసవి చివర బడి కొలిచేది పిల్లవాడి చదువునూ కాదు, దయనూ కాదు. వాడి ఇంటి కలిమిని.