మూడు చోట్ల దెబోద్

స్పెయిన్ దేశపు రాజధాని మాడ్రిడ్‌లో, రాజభవనానికి అనతిదూరంలో ఒక చిన్న కొండ ఉన్నది. దాని మీది ఉద్యానవనంలో ఇరవైరెండు శతాబ్దాల నాటి ఈజిప్టు దేవాలయం నిలిచి ఉన్నది. దాని పేరు దెబోద్. అది నమూనా కాదు, అనుకరణా కాదు. నైలు నది పడమటి గట్టున కట్టిన అసలు గుడినే రాయి రాయిగా విప్పి, సముద్రం దాటించి, ఇక్కడ మళ్ళీ పేర్చారు. ఆ గుడి కథ చెప్పాలంటే అది వదలి వచ్చిన ఊరి కథా చెప్పాలి. మొదటిది పర్యాటక పుస్తకాలన్నిటిలో దొరుకుతుంది. రెండవది అంత సులభంగా దొరకదు. అందుకే ఈ వ్యాసం.

అస్వాన్ పట్టణానికి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నుబియా అనే ప్రాంతపు ఉత్తరపు అంచున దెబోద్ గ్రామం ఉండేది. క్రీ.పూ. 2వ శతాబ్ది తొలినాళ్ళలో మెరోయె రాజైన అదిఖలమని అక్కడ అమున్ దేవుడికి ఒక చిన్న మందిరం కట్టించాడు. తరువాత టాలమీ వంశపు రాజులు దానిని పెంచి ఐసిస్ దేవికి కూడా అంకితం చేశారు. రోమను చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల కాలంలో మరికొన్ని శిల్పాలు చేరాయి. చాళుక్యుల గర్భగుడికి కాకతీయులు మండపాన్నీ, విజయనగర ప్రభువులు గోపురాన్నీ చేర్చిన క్షేత్రాలు మనకు కొత్త కాదు గనుక, ఈ పెరుగుదల మనకు సులభంగానే అర్థమవుతుంది. దగ్గరలోని ఫిలే ద్వీపంలో ఐసిస్ దేవి మహాక్షేత్రం ఉండేది. క్రీ.శ. 6వ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి ఫిలే ఆలయాన్ని మూయించాడు. నుబియా క్రైస్తవాన్ని స్వీకరించింది. దెబోద్‌లో దీపం పెట్టేవారు లేకపోయారు.

పూజ పోయినా గుడి మిగిలింది. దానికి అసలు ఆపద 20వ శతాబ్దిలో వచ్చింది. 1902లో అస్వాన్ వద్ద మొదటి ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాత దాని ఎత్తును రెండుసార్లు పెంచారు. దానితో దెబోద్ ఏడాదిలో చాలా నెలలు నీటిలో మునిగి ఉండేది. వరద కాలంలో ఆనకట్ట తలుపులు ఎత్తినప్పుడు మాత్రమే బయటపడేది. గోడల మీది రంగులు కరిగిపోయాయి, చెక్కడాల అంచులు అరిగిపోయాయి. 1960లో పెద్ద ఆనకట్ట పని మొదలైంది. దాని వెనుక నిలిచే జలాశయంలో ఇక ఏ ఋతువులోనూ బయటపడే అవకాశం లేదని తేలిపోయింది.

1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాలన్నిటికీ ఒక విజ్ఞప్తి చేసింది. నుబియా ఆలయాలను రక్షించడానికి తలా ఒక చేయి వేయమన్నది. దేశదేశాల పురాతత్త్వవేత్తలు తరలివెళ్ళారు. మన దేశం కూడా వెనుకబడలేదు. భారత పురావస్తు శాఖ 1961-62లో బి.బి.లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. వారు అఫియే మొదలైన చోట్ల త్రవ్వకాలు జరిపారు. అబూ సింబెల్ మహాలయాలను కొండ నుండి కోసి, 1964-68 మధ్య సుమారు 65 మీటర్లు ఎత్తున మళ్ళీ నిలబెట్టారు. ఫిలే ఆలయాలను పక్కనున్న మరో ద్వీపానికి మార్చారు.

సాయం చేసిన దేశాలకు కృతజ్ఞతగా ఈజిప్టు కొన్ని చిన్న ఆలయాలను కానుకగా ఇచ్చింది. దెందూర్ అమెరికాకు, తాఫె నెదర్లాండ్స్‌కు, ఎల్లెసియా ఇటలీకి, కలబ్షా ద్వారం జర్మనీకి దక్కాయి. దెబోద్ 1968లో స్పెయిన్‌కు దక్కింది. అప్పటికే, 1960-61లోనే, పోలండు నిపుణులు దానిని విప్పి, రాళ్ళను అస్వాన్ వద్దనున్న ఎలిఫాంటైన్ ద్వీపానికి చేర్చి ఉంచారు. 1970లో ఆ రాళ్ళు నైలు మీదుగా అలెగ్జాండ్రియాకు, అక్కడి నుండి ఓడలో వాలెన్సియా రేవుకు, తరువాత లారీలలో మాడ్రిడ్‌కు చేరాయి. పునర్నిర్మాణానికి మార్తిన్ అల్మాగ్రో అనే పురాతత్త్వవేత్త నాయకత్వం వహించాడు. పాత ఛాయాచిత్రాలూ, కొలతల పటాలూ ఆయనకు ఆధారం. పోయిన రాళ్ళ చోట స్పెయిన్ దేశపు రాయినే చేర్చారు. ఏది పాతదో ఏది కొత్తదో చూస్తే తెలిసిపోతుంది. 1972 జూలైలో ఆలయాన్ని ప్రజలకు తెరిచారు. గుడి ఎదుట వరుసగా నిలిచిన రాతి ద్వారాలు మాత్రం నైలు గట్టున ఉన్న క్రమంలో లేవు. పాత ఛాయాచిత్రంతో పోల్చిచూస్తే, ఇరువైపులా సర్పాలున్న సూర్యబింబం చెక్కిన ద్వారం మొదట్లో గుడికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కాదని స్పష్టమవుతుంది.

గుడి దిగిన కొండ కూడా సామాన్యమైనది కాదు. 1808 మే 3 తెల్లవారుజామున, నెపోలియన్ సేనలను ఎదిరించిన మాడ్రిడ్ పౌరులను ఫ్రెంచి సైనికులు కాల్చి చంపిన చోట్లలో ఇదొకటి. గోయా చిత్రించిన ఆ దృశ్యం ఇదే నగరంలోని ప్రాదో మ్యూజియంలో ఉన్నది. తరువాత ఇక్కడ సైనిక శిబిరం వెలసింది. 1936 జూలైలో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లోనే ఆ శిబిరం ముట్టడికి గురై ఎందరో మరణించారు. శిథిలాలను తొలగించి తోట వేశారు. అమున్ దేవుడికి దక్కిన కొత్త స్థలపురాణం ఇది.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి ఐరోపా వెళ్ళినప్పుడు నేనూ, మా ఇంటావిడా ఆ గుడిని చూశాము. సూర్యాస్తమయ వేళ. గుడికి ఆనుకుని కట్టిన నీటి తటాకంలో ద్వారాల నీడలు పడుతున్నాయి. ఆ నీరు నైలుకు గుర్తుగా పెట్టినదట. మోకాలి లోతు కూడా ఉండదు. వచ్చినవారిలో ఎక్కువమంది సూర్యుడి ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవారే. లోపలికి ఒక్కసారి కొద్దిమందినే పంపుతారు. గడప దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించాను. మా ఆవిడ అప్పటికే విడిచేసింది. కాపలాదారు మమ్మల్ని చూసి నవ్వాడే గాని ఏమీ అనలేదు. అదిఖలమని కట్టించిన మందిరపు గోడల మీద రాజు దేవతలకు నైవేద్యాలు సమర్పిస్తున్న శిల్పాలు వరుసగా ఉన్నాయి. కొన్నిచోట్ల వేలితో తడిమితే తప్ప తెలియనంతగా అరిగిపోయాయి. తడమకూడదు కనుక కంటితోనే తడుముకుంటూ నడిచాము. లోపల, గర్భగుడిలో, విగ్రహం ఉండవలసిన రాతి పేటిక ఖాళీగా ఉన్నది. తూర్పు పడమరల దిశ మాత్రం నైలు గట్టున ఉన్నట్లే ఉంచారు.

అక్కడ నిలబడితే నాకు మన ఆగమ విధి గుర్తుకు వచ్చింది. జీర్ణోద్ధరణకు గుడిని కదిలించవలసి వస్తే, ముందుగా కళాకర్షణ చేసి, మూర్తిలోని దైవశక్తిని కలశంలోకి ఆవాహన చేస్తారు. పని పూర్తయ్యేవరకు బాలాలయంలో పూజలు సాగుతాయి. రాయి కదిలినా పూజ తెగదు. శ్రీశైలం జలాశయంలో మునగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. చాళుక్యుల నాటి ఆ గుడిలో నేటికీ అర్చన జరుగుతున్నది. అదే జలాశయంలో ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరుణ్ణి కదిలించలేదు. ఏటా నీరు తగ్గిన వేసవి నెలల్లో గుడి బయటపడుతుంది, అర్చకులు బురద కడిగి పూజ చేస్తారు. దెబోద్ కూడా ఒకప్పుడు అలాగే ఏటా బయటపడేదని చెప్పుకున్నాము కదా. తేడా ఒక్కటే: బురద కడగడానికి దానికి అర్చకుడు లేడు. అప్పటికే పధ్నాలుగు వందల ఏళ్ళుగా అది పూజ లేని గుడి. కనుక 1960లో అక్కడి నుండి కళాకర్షణ చేయవలసింది దేవుడికి కాదు, ఊరికి.

ఊరికి ఎవరూ చేయలేదు. పెద్ద ఆనకట్ట వల్ల ఈజిప్టులోనే సుమారు 50,000 మంది నుబియన్లు 1963-64లో ఇళ్ళు వదిలారు. సూడానులో వాదీ హల్ఫా పట్టణం మునిగింది, అక్కడి నుండీ అంతమంది వెళ్ళిపోయారు. ఈజిప్టు నుబియన్లను అస్వాన్‌కు ఉత్తరాన కోమ్ ఓంబో ప్రాంతంలో, నదికి దూరంగా కట్టిన కొత్త ఊళ్ళకు తరలించారు. తరతరాలుగా నది ఒడ్డున బతికిన జనం వారు. కొత్త ఊళ్ళకు పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. వాటిలో దెబోద్ ఒకటి.

కనుక ఇప్పుడు దెబోద్ మూడు చోట్ల ఉన్నది. స్థలం నీటి కింద ఉన్నది. గుడి మాడ్రిడ్ కొండ మీద ఉన్నది. ఊరి పేరూ, ఆ పేరు పలికే మనుషులూ కోమ్ ఓంబోలో ఉన్నారు. రాళ్ళ కోసం దేశదేశాలు ధనం పోగుచేశాయి, ఓడలు పంపాయి. అది గొప్ప కార్యం, సందేహం లేదు. మనుషులకు అంత శ్రద్ధ దక్కలేదు. కృష్ణ మీద ఆనకట్టలు కట్టిన మనకు ఈ లెక్క తెలియనిది కాదు. నాగార్జునకొండ శిథిలాలను కొండ మీదికీ, అనుపుకూ చేర్చిన కథ మా తరం పాఠాల్లో చెప్పింది. మునిగిన పల్లెల పేర్లు ఎన్ని చెప్పిందో మీరే గుర్తుచేసుకోండి.

గుడికి ఇప్పుడు మరో సమస్య. ఈజిప్టు ఇచ్చిన అయిదింటిలో ఆరుబయట ఉన్నది ఇదొక్కటే. తక్కినవన్నీ మ్యూజియం కప్పుల కింద ఉన్నాయి. మెత్తని ఇసుకరాయి మీద మాడ్రిడ్ చలీ, వానా, వాహనాల పొగా పనిచేస్తున్నాయి. దానికీ కప్పు వేయాలని నిపుణులు కొందరు చాలాకాలంగా అంటున్నారు. వేస్తే తూర్పు వెలుగు లోపలికి రాదు. వేయకపోతే శిల్పాలు నిలవవు. నన్నడిగితే వేయడమే మేలు అంటాను. నదినీ ఊరినీ పోగొట్టుకుని ఇంత దూరం వచ్చిన రాళ్ళు ఇవి. వాటి మీద మిగిలిన గీతలనైనా పోనీయకూడదు.

మిత్రులలో ఎవరైనా ఆ నగరానికి వెళితే, సాయంత్రం కాక ఉదయం వెళ్ళండి. జనం తక్కువగా ఉంటారు, ఏటవాలు వెలుగులో చెక్కడాలు బాగా కనిపిస్తాయి. గైడు గుడి కథ చెప్పి ముగించాక, దెబోద్ ఊరివాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగి చూడండి.