పెట్టె మారింది, ఉత్తరాలు ఏమైనట్టు?

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని సంపాదకులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది రికార్డు సెక్షన్. నా సర్వీసులో సగం అక్కడే గడిచింది. ఇన్‌వర్డు రిజిస్టరులో నెంబరు పడని కాగితం ఆఫీసులో ఉండకూడదు, ఫైలు మూసేటప్పుడు ఎన్నేళ్ళు దాచాలో అట్ట మీద రాసి ఉండాలి. మాకు మా సూపరింటెండెంటుగారు నేర్పిన మొదటి పాఠాలు ఇవి. అలాంటి నేను రిటైరైన తర్వాత సొంత ఇంట్లో ఆరేళ్ళ ఉత్తరాలను దాదాపు పోగొట్టుకున్నాను. ఆ సంగతీ, దాని వెనుక ఉన్న చరిత్రా మన సభ్యుల్లో కొందరికైనా పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

2002లో మా అబ్బాయి పైచదువుకు అమెరికా వెళ్ళాడు. ఆ ఏడే ఇంట్లో కంప్యూటరు కొన్నాం. అందులో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటే ఉచితంగా వచ్చిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిలు ప్రోగ్రాము ఉన్నాయి. దాన్ని నాకంటే ఎక్కువగా వాడింది నా శ్రీమతి. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వారానికి రెండు ఉత్తరాలు రాసేది. ఆవకాయకు కారం ఎంత, ఉప్పు ఎంత అన్న దగ్గర్నుంచి వీధిలో ఎవరింట్లో పెళ్ళి జరిగిందో, ఎవరు ఇల్లు అమ్ముకున్నారో దాకా అన్నీ అందులోనే. ఆమె 2008లో కాలం చేసింది. రాసినవీ, వాడు బదులిచ్చినవీ అన్నీ ఆ కంప్యూటరులోనే మిగిలాయి. వాడి దగ్గర నకళ్ళు లేవు. చదువు ముగిశాక యూనివర్సిటీ ఇచ్చిన మెయిలు అడ్రసు రద్దయిపోయింది.

2010లో మెషీను బాగా నెమ్మదించింది. మెమరీ పెంచి విండోస్ 7 వేయిస్తే కొత్తదానిలా పనిచేస్తుందని బజారులో ఒక షాపువాళ్ళు చెప్పారు. ఎక్స్‌పీ మీద నేరుగా 7 ఎక్కదు, పాతదాన్ని తీసేసి కొత్తది వేయాలి. మెయిలు ఫోల్డరు జాగ్రత్త అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. షాపు కుర్రవాడు దాన్ని ఒక సీడీలోకి ఎక్కించి, హార్డు డిస్కు తుడిచి, కొత్త విండోస్ వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ లేదు. సీడీలో ఫైళ్ళు ఉన్నాయి గాని వాటిని తెరిచే ప్రోగ్రాము లేదు. బీరువా తాళంచెవి పోయినట్టు కాదు, అసలు అలాంటి బీరువాలు చేయడమే మానేశారు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. టెలిఫోన్ లైను మీద కలుపుకోవాలి, కలిసి ఉన్న ప్రతి నిమిషమూ ఖర్చే. అందుకని గబగబా కలిపి, వచ్చిన ఉత్తరాలు దించుకుని, లైను తెంపి, తీరిగ్గా చదువుకునేవారు. ఆ దించుకునే పద్ధతి పేరు పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్. దాని తొలి రూపం 1984లో, ఎక్కువగా వాడుకలోకి వచ్చిన మూడో రూపం 1988లో వెలువడ్డాయి. పేరుకు తగ్గట్టే అది పోస్టాఫీసు. ఉత్తరం మన చేతికి ఇచ్చాక వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. మెయిలు ప్రోగ్రాములు చాలావరకు మామూలుగా ఇదే పద్ధతిలో పనిచేసేవి. అంటే ఉత్తరానికి ఉన్న ఒకే ఒక్క ప్రతి మన ఇంటి హార్డు డిస్కులోనే ఉండేది. 2004 ఏప్రిల్ 1న జీమెయిలు ఒక గిగాబైటు చోటు ఇస్తామని వచ్చాకే, ఉత్తరాలన్నీ వాళ్ళ దగ్గరే వదిలిపెట్టే అలవాటు జనానికి పెరిగింది.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్‌తో వచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో దాని ఆరో వెర్షన్ ఉండేది. అది ఒక్కొక్క ఫోల్డరులోని ఉత్తరాలన్నిటినీ కలిపి డీబీఎక్స్ అనే ఒకే ఫైలుగా కుట్టేసేది. మన భాషలో చెప్పాలంటే విడి కాగితాలు కావు, బైండు చేసిన వాల్యూము. ఆ బైండింగు విప్పడం ఆ ప్రోగ్రాముకే బాగా తెలుసు. 2007లో వచ్చిన విస్టాలో దాని స్థానంలో విండోస్ మెయిల్ పెట్టారు. అది పద్ధతి మార్చి ఒక్కొక్క ఉత్తరాన్ని ఈఎంఎల్ అనే విడి ఫైలుగా దాచింది. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో వాడుకోవడానికి మెయిలు ప్రోగ్రామే ఇవ్వలేదు. కావాలంటే విండోస్ లైవ్ మెయిల్‌ను విడిగా దించుకోవాలి.

ఈ చిక్కు ఒక్క ఈ ప్రోగ్రాముకే రాలేదు. యుడోరా అని ఒకప్పుడు ఎంతో పేరున్న మెయిలు ప్రోగ్రాము ఉండేది. 1988లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో స్టీవ్ డోర్నర్ దాన్ని రాశారు. యుడోరా వెల్టీ అనే రచయిత్రి రాసిన పోస్టాఫీసు కథను తలచుకుని ఆ పేరు పెట్టారు. తర్వాత క్వాల్‌కామ్ సంస్థ చేతికి వెళ్ళి, 2006లో ఆగిపోయింది. 2011లో యాపిల్ వారి లయన్ వచ్చాక మాకింటాష్ యుడోరా ఇక తెరుచుకోలేదు. దాన్ని వదలలేక కొత్త విండోసూ, కొత్త యాపిలూ వద్దని పాతవాటితోనే గడిపినవారు ఉన్నారు. అయితే యుడోరా ఉత్తరాలను దాదాపు మామూలు అక్షరాలలోనే దాచేది. అందుకే ప్రోగ్రాము పోయినా ఉత్తరాలు చదవగలిగారు. 2018లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఆ ప్రోగ్రాము మూలాన్నే అందరికీ విడుదల చేసింది.

ఇక నా సంగతి. లైవ్ మెయిల్ దించుకున్నాను. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలను లోపలికి తెచ్చుకునే ఏర్పాటు అందులో ఉంది. సీడీలోని ఫోల్డరును హార్డు డిస్కులోకి కాపీ చేసి చూపించాను. ఇందులో ఉత్తరాలేవీ లేవు, లేదా ఫైళ్ళను వేరే ప్రోగ్రాము తెరిచి ఉంచింది అని జవాబు వచ్చింది. మూడు రోజులు అదే జవాబు. ఆ మూడు రాత్రులూ నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ కాపాడి, ఇంటి మనిషి రాతను పోగొట్టుకున్నానే అనిపించింది.

నాలుగో రోజు మా మేనల్లుడు వచ్చాడు. ఫైళ్ళను ఒకసారి చూసి, "మామయ్యా, సీడీ మీంచి వచ్చాయి కదా, వీటి మీద రీడ్ ఓన్లీ గుర్తు ఉండిపోయింది. అందుకే తెరవడం లేదు" అన్నాడు. సీడీలో ఉన్నదాన్ని మార్చడానికి వీల్లేదు కాబట్టి ఫైళ్ళకు ఆ గుర్తు పడుతుంది, వెనక్కి కాపీ చేసినా వెంటే వస్తుంది. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో ఆ టిక్కు తీసేశాడు. పది నిమిషాల్లో ఉత్తరాలన్నీ తెర మీద వరసగా దిగాయి. మొదట కనబడింది 2002 అక్టోబరుది. స్వెట్టరు వేసుకుంటున్నావా లేదా అని అడిగింది.

ఆ రోజే ఉత్తరాలన్నిటినీ విడి ఈఎంఎల్ ఫైళ్ళుగా దాచాం. ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ, ఏ విషయం అన్న తలకట్టుతో ఉండే ఉత్తరం రూపం 1982లోనే ఖరారైంది. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు. నోట్‌ప్యాడులో తెరిచినా నా శ్రీమతి మాటలు చదవవచ్చు. ఫోటోలు మాత్రం అలా కనబడవు, వాటికి మెయిలు ప్రోగ్రాము కావాలి. ఆ జాగ్రత్త మంచిదయింది. లైవ్ మెయిల్‌కు కూడా 2017 జనవరితో మద్దతు ఆగింది. విండోస్ 10తో వచ్చిన మెయిల్ 2024 డిసెంబరు 31తో ముగిసింది. విండోస్ 10కే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మన సభ్యుల్లో ఎందరో మళ్ళీ ఇప్పుడు కంప్యూటరు మార్చే పనిలో ఉన్నారు కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

పాత ప్రోగ్రామునే ఎలాగైనా నడుపుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. విండోస్ 7 ప్రొఫెషనల్‌లో, దాని పై రకాలలో ఎక్స్‌పీ మోడ్ అని ఒక ఏర్పాటు ఉండేది. కొత్త ఇంట్లోనే ఒక పాత గది లాంటిది. అందులో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ నడిచేది. కాని ఎక్స్‌పీకే 2014 ఏప్రిల్ 8తో రక్షణ ఆగిపోయింది. సర్వరుతో గుట్టుగా మాట్లాడడానికి పాత ప్రోగ్రాములు వాడే తాళాలకు కూడా 2021 మార్చిలో మనలాగే పదవీ విరమణ ఇచ్చారు. పాత ఉత్తరాలు చదువుకోవడానికి పాత ప్రోగ్రాము ఫరవాలేదు, దానితో ఇంటర్నెట్‌కు వెళ్ళడం మంచిది కాదు.

కనుక మిత్రులకు నా మనవి. కంప్యూటరు మార్చే ముందే, పాత ప్రోగ్రాము పనిచేస్తుండగానే, ఉత్తరాలను ఈఎంఎల్‌గా గాని మామూలు అక్షరాల ఫైళ్ళుగా గాని బయటికి తీయండి. రెండు చోట్ల దాచండి. కొత్త మెషీనులో తెరిచి, ఒకటి రెండు చదివి చూసుకున్నాకే పాతది తుడవనివ్వండి. ముఖ్యమైనవి ప్రింటు తీయించండి. నేను 140 పేజీలు తీయించి, బైండు చేయించి, అట్ట మీద మన పద్ధతిలోనే రాశాను: శాశ్వతంగా దాచవలసినది.

ఎవరి ఇంట్లోనైనా అటక మీద పాత కంప్యూటరు పడి ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు ఇంట్లో పిల్లల్ని పిలిచి దాని హార్డు డిస్కు ఒక్కసారి చూడమనండి. డీబీఎక్స్ ఫైళ్ళు దొరికి, తెరుచుకోకపోతే, ముందు రీడ్ ఓన్లీ టిక్కు తీసి చూడండి.