వీణకి ఎంత బిగువు? ముద్ఖేడ్ ఇంట్లో ఒక లెక్క, వెనక కాస్త చరిత్ర

మా ఇంట్లో ఉన్న వీణ అసలుది కాదు, నకలు. అసలుది విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ముద్ఖేడ్ జంక్షనుకి వచ్చిన మా ముత్తాత వెంట తెచ్చిన బొబ్బిలి వీణ. ఆ రోజుల్లో నాందేడ్ జిల్లా అంతా హైదరాబాద్ సంస్థానంలోదే. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. వీణ మాత్రం కదల్లేదు, కదలకుండానే పాడైంది. భజన హార్మోనియంకి సరిపోవాలని ఎవరో శృతి ఎక్కించి లావు తీగలు బిగించారు. ఎండాకాలం పోయేసరికి దండి వంగింది, పలక అణిగింది. తర్వాత తాతయ్య బొబ్బిలి వెళ్లి అదే కొలతలతో ఇంకోటి చేయించుకొచ్చారు. అందుకే కొత్త తీగలు వేయాలన్న మాట వస్తే చాలు, నాయనమ్మ ఇప్పటికీ "గుంజకుండ్రి బిడ్డా, అది కట్టె" అంటుంది.

ఈ ఏడాది ఆ మాట మళ్లీ వచ్చింది. మా ఇంటి అమ్మాయి అయిదు శృతిలో పాడుతుంది. ఇక్కడి మరాఠీవాళ్లు 'పాంఢరీ పాచ్' అనేది కూడా అదే. హార్మోనియంలో తెల్ల మెట్లు లెక్కపెడితే అయిదోది. మా వీణ ఉన్నది మూడు శృతిలో. వీణని అమ్మాయి గొంతు దగ్గరికి తీసుకెళ్లొచ్చా, లేదా? ఇది ఊరికే అభిప్రాయంతో తేలే ప్రశ్న కాదు గనక కూర్చుని లెక్క వేశాం.

లెక్కకి ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మనం ఇవాళ చూసే 24 మెట్ల వీణ తంజావూరు నాయక రాజుల కాలంలో స్థిరపడింది. రఘునాథ నాయకుడు 1600 నుంచి 1634 దాకా ఏలాడు. ఊరు తమిళదేశంలో ఉన్నా ఆస్థానంలో రాజ్యమేలింది తెలుగే. మనలాగే సొంత నేలకి దూరంగా బతికిన తెలుగు ఇల్లు అనుకోవచ్చు, కాకపోతే కొంచెం పెద్ద ఇల్లు! అంతకుముందు 1550లో విజయనగరంలో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'లో వీణ మెట్లు ఎక్కడెక్కడ పెట్టాలో రాశాడు. అంటే తీగ పొడవుకీ స్వరానికీ ఉన్న లెక్క మనవాళ్లు చాలా ముందే పట్టుకున్నారు.

బిగువు లెక్క మాత్రం అదే కాలంలో ఇంకో దేశంలో తేలింది. గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలీ లూట్ వాయించేవాడు. తీగకి బరువులు వేలాడదీసి చూసి, స్థాయి రెట్టింపు కావాలంటే బరువు నాలుగింతలు కావాలని గమనించాడు. రఘునాథుడు పోయిన రెండేళ్లకి, 1636లో, ఫ్రాన్సులో మెర్సెన్ దాన్ని పూర్తి సూత్రంగా అచ్చేశాడు. తీగ పొడవుని స్వరం కంపన సంఖ్యతో గుణించి, రెండింతలు చేసి, దాన్ని దానితోనే గుణించి, మీటరు తీగ బరువుతో మళ్లీ గుణిస్తే బిగువు వస్తుంది. మన సాఫ్ట్‌వేర్ టెస్టింగులో అయితే ఏదైనా విరిగేదాకా నొక్కి చూస్తాం. వీణ దగ్గర ఆ పద్ధతి పనికిరాదు కదా, కాబట్టి కాగితమే దిక్కు.

మా వీణలో పై మెట్టు నుంచి బ్రిడ్జి దాకా 82 సెంటీమీటర్లు. (బ్రిడ్జి అనగానే మా నోట ముందు 'కుదురె' అనే వస్తుంది, నాన్న బదిలీల వల్ల కన్నడ మీడియంలో చదివిన పుణ్యం.) మూడు శృతి అంటే ఇప్పటి ప్రమాణంలో సెకనుకి 165 కంపనాలు. సారణికి 26 నంబరు ఉక్కు తీగ, అంటే 0.46 మి.మీ. లెక్కకడితే 9.6 కిలోల బిగువు. పంచమం 24 నంబరు ఉక్కు, 8 కిలోలు. మంద్రం 22 నంబరు ఇత్తడి, 6.3. అనుమంద్రం 20 నంబరు ఇత్తడి, 5.8. నాలుగూ కలిపితే దగ్గర దగ్గర 30 కిలోలు. పక్కన తాళపు తంతులు మూడూ వేరే. అంటే అరవస్తా బియ్యం బరువు కంటే ఎక్కువే రాత్రింబగళ్లు ఆ దండిని లాగుతూ ఉంటుంది.

ఇదే తీగల్ని అయిదు శృతికి ఎక్కిస్తే? 165 నుంచి 196 కంపనాలకి వెళ్లాలి. చూడ్డానికి 19 శాతమే, కానీ బిగువు 41 శాతం పెరుగుతుంది. 30 కిలోలు కాస్తా 42 అవుతాయి. పాత వీణకి జరిగింది ఇదే, పైగా తీగలు లావు కూడా. గమకం లాగినప్పుడు ఇంకా ఎక్కుతుంది. ఒక మెట్టు మీద నాలుగు స్వరస్థానాల ఎత్తుకి లాగితే ఆ క్షణానికి ఆ తీగ బిగువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సారణి 9.6 నుంచి 15కి పోతుంది. ఆ లాగుడు ఉండబట్టే అది వీణ అయింది, మానుకోమని ఎవరికి చెప్తాం?

ఇక్కడ మాకు బాగా ఆశ్చర్యమనిపించిన సంగతి ఒకటుంది. తీగ తెగడానికీ లావుకీ సంబంధం లేదు. లావు తీగ ఎక్కువ బరువు మోస్తుంది, కానీ మోయడానికి దానికి కండ కూడా అంతే ఎక్కువ. కాబట్టి ఒకే లోహం, ఒకే పొడవు, ఒకే స్వరం అయితే సన్నదీ లావుదీ తెగే అంచుకి ఒకే దూరంలో ఉంటాయి. తేడా అంతా కట్టె మీద పడేదే. ఇత్తడిని సారణి ఎత్తుకి లాగితే తెగే అంచు దగ్గరికి చేరుతుంది, అందుకే పైన ఉక్కు, కింద ఇత్తడి. గట్టి ఉక్కు తీగ పియానోల కోసం ఇంగ్లండు, జర్మనీల్లో 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. అంతకుముందు మెత్తటి తీగే తెగిపోయి వాద్యాన్ని కాపాడేది అని మా అనుమానం. ఇప్పటి ఉక్కు అంత తేలిగ్గా తెగదు. ముందు లొంగేది పనసకట్టే.

బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలో తొలిచింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా చేస్తున్న పని అది. కుండకీ దండికీ మధ్య అతుకు లేదు గనక అతుకు ఊడే భయం లేదు. అయినా లోపల బోలు. మా తమ్ముడి కొడుకు పాత మోడల్ నకలు బేస్ గిటార్ ఒకటి కొన్నాడు. దాని నాలుగు తీగలు డెబ్బై కిలోల పైచిలుకు లాగుతాయట. "అది తట్టుకుంటే ఇది తట్టుకోదా పెద్దనాన్నా?" అన్నాడు. బేస్ మెడ గట్టి చెక్క, లోపల ఇనుప కడ్డీ కూడా ఉంటుంది. వంగితే మరతో సరిచేసుకోవచ్చు. వీణ వంగితే సరిచేసే మర లేదురా అని చెప్పాం.

పైగా మన ఊరి ఎండ. సముద్రం దగ్గరి తేమలో పుట్టిన కట్టె మే నెల నాందేడ్ వేడికి ఎండి ముడుచుకుంటుంది. మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి, గమకం లాగితే మెట్టే జరుగుతుంది. అందుకని ఎండాకాలం శృతి దించడం మా ఇంట్లో పాత అలవాటు.

చివరికి ఏం చేశామంటే, ఒక్కో తీగనీ రెండు నంబర్లు సన్నం చేశాం. సారణి 28, పంచమం 26, మంద్రం 24, అనుమంద్రం 22. లోహాలు మార్చలేదు. ఇవి అయిదు శృతిలో కూడా వరసగా 9.2, 7.6, 5.5, 5.0 కిలోలు. మొత్తం 27 చిల్లర, పాత 30 కన్నా తక్కువ! తాళపు తంతులకీ అదే లెక్క వర్తించాలి, మర్చిపోవద్దు. నాదం కొంచెం పలచబడింది, అది నిజం. మంద్రంలో ఆ నిండుతనం పోయింది. నాయనమ్మ విని "గొంతు సన్నబడ్డది" అంది, అంతకంటే ఏమీ అనలేదు.

తీగలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. గిటార్ పొట్లం మీద 18 అని ఉంటే అది అంగుళంలో వెయ్యో వంతులు, అంటే మన 26 నంబరు. అదే గేజి 18 అంటే 1.2 మి.మీ. లావు తీగ. అంకె చూసి కొనకండి, మిల్లీమీటర్లు అడగండి.

ఒకేసారి అయిదుకి ఎక్కించలేదు. వారం మూడులో, తర్వాత నాలుగులో ఉంచాం. తీగకీ పన్నెండో మెట్టుకీ మధ్య సందు ఎంతుందో కొలిచి, క్యాలెండరు మీద రాసుకున్నాం. సందు పెరిగితే దండి లేస్తోందని అర్థం. నెల దాటింది, అంకె మారలేదు. వసంత పంచమికి అమ్మాయిని తీసుకుని బాసర వెళ్లాలని ఉంది, మన లైన్లోనే కదా, ధర్మాబాద్ దాటితే వచ్చేస్తుంది. అప్పటికి అయిదుకి చేరుస్తాం. మార్చి రాగానే మళ్లీ దించేస్తాం.