మంత్రయోధుడు

బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణ క్రీడలలో, ఖడ్గవిద్యను మంత్రవిద్యను ఒక్క వ్యక్తియందే సమకూర్చి ఆటగాడు కల్పించుకొను పాత్ర. మన వాఙ్మయమున పరశురామునివలన సమంత్రకముగ అస్త్రములు గైకొన్న ద్రోణుడు ఇట్టివాడే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ క్రీడలో ఎల్ఫ్ జాతి పాత్ర ఒక సాహసయాత్రలో యోధుడుగను, వేరొకదానిలో మాంత్రికుడుగను వర్తింపగలిగెను. 1978 నాటి నియమగ్రంథము మానవేతర జాతులకు ఏకకాలమున పలు వృత్తులనొసగి అనుభవాంకములను వాటికి సమముగ పంచగా, 2000లో వెలువడిన మూడవ కూర్పు ఎల్లరకును ప్రతి స్థాయియందును నచ్చిన వృత్తిని చేపట్టు స్వేచ్ఛనిచ్చినది.

ఈ స్వేచ్ఛకు మూల్యము కలదు. 2014 నాటి ఐదవ కూర్పున యోధునికి 5వ స్థాయిలో లభించు అదనపు దెబ్బయు, మాంత్రికునికి అదే స్థాయిలో లభించు అగ్నిగోళ మంత్రమును, స్థాయిలను చెరిసగము పంచుకొన్నవానికి ఎంతో విలంబముగ దక్కును. పాలడిన్ (ధర్మయోధుడు), సోర్సరర్ (సహజ మాంత్రికుడు) అను వృత్తులు రెండును ఆకర్షణ గుణముననే మంత్రబలము పొందుటచే వాని కలయిక సుకరము. మేధపై ఆధారపడు విజర్డ్‌ను (పైన చెప్పిన మాంత్రికుని) పాలడిన్‌తో జోడింపవలెనన్న బలము, ఆకర్షణ, మేధ అను మూడు గుణముల అంకములును 13కు తగ్గరాదు. పాత్రను కల్పించు ఆటగాని ప్రతిభ నిజముగ వెల్లడియగునది ఈ దుష్కరమైన కలయికయందే.