కొలువు కోరినవారు: నాడును నేడును

జీవనమునకై పరులను ఆశ్రయించుట నేడు పుట్టిన ఆచారము కాదు. కొలువు కోరువాడు, కొలువిచ్చువాడు, ఇరువురి నడుమ మాట చెప్పువాడు, ఈ మువ్వురును రాజ్యములు పుట్టిన నాటినుండియు ఉన్నారు. కొలువుకూటపు వాకిలి ఎవరికి తెరచియుండెను, ఎవరికి మూసియుండెను అనునదే ఈ చరిత్రలో విచారింపదగిన విషయము.

తెలుగువారికి ఈ విద్యలో మొదటి పాఠము తిక్కన సోమయాజి విరాటపర్వము. పండ్రెండేండ్ల వనవాసము తీరిన పాండవులకు ఒక యేడు అజ్ఞాతముగా బ్రతుకవలసి వచ్చినది. వంశము చెప్పుకొన వీలులేదు; పేరు చెప్పుకొన వీలులేదు. చేతనున్న విద్య యొక్కటే వారి ధనము. వారు తొందరపడి రాజద్వారమునకు పరుగిడలేదు. మొదట మత్స్యదేశమును ఎన్నుకొనిరి. పిదప ఏ పనికి తాను తగుదునో, రాజడిగినచో ఏమని ఉత్తరమీయవలెనో ఒక్కొక్కరును ముందుగనే నిశ్చయించుకొనిరి. ధర్మరాజు కంకుడను పేర సభకును, భీముడు వంటశాలకును, అర్జునుడు నాట్యశాలకును, నకులుడు గుఱ్ఱపుసాలకును, సహదేవుడు ఆలమందల లెక్కకును తగుదుమనుకొనిరి. ద్రౌపది సైరంధ్రి యయ్యెను. అందరును ఒక్కమారు గుంపుగా పోక, వేర్వేరుగా పోయి, ఎవరి పని వారు అడిగికొనిరి. పూర్వము ఎవరికడ పనిచేసితిరన్న ప్రశ్నకును ఉత్తరము సిద్ధముగా నుండెను. విరాటుడును మాటలకే మురిసిపోలేదు. వ్యాసభారతమున అతడు బృహన్నల నృత్యగీతములను పరీక్షించిన పిదపనే కుమార్తెను శిష్యురాలిగా అప్పగించెను.

వారు బయలుదేరుటకు ముందు ధౌమ్యుడు చేసిన బోధ ఎన్నటికిని చద్దిమూట. రాజునకు ఎదురుగను వెనుకను గాక ప్రక్కన కూర్చుండవలెను. అడుగనిదే సలహా చెప్పరాదు. ఏలిక రహస్యము వెలిబుచ్చరాదు. ప్రభువునకు ప్రియుడనని గర్వింపరాదు. పని మరియొకనికి చెప్పినను తానే ముందు లేచి ‘నేనేమి చేయుదును’ అనువాడే కొలువున నిలుచును. నేటి కచ్చేరీలకును ఇంతకంటె చెప్పవలసినది స్వల్పము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ విషయము మరింత స్ఫుటముగా కలదు. లోకవ్యవహారమెరిగినవాడు గుణవంతుడైన రాజును, ఆ రాజునకు ప్రియులును హితులును అయినవారి ద్వారమున ఆశ్రయింపవలెనని అందు విధింపబడినది. పరిచయము కావలెననుట దీని భావము. కాని పరిచయముతోనే పని తీరదు. అభ్యర్థి జన్మదేశమును వంశమును ఆప్తులవలనను, విద్యను అదే విద్య నేర్చినవారివలనను, వాక్చాతుర్యమును సంభాషణమునందును, ఓర్పును ఆపదయందును, శుచిత్వమును వ్యవహారమునందును తెలిసికొనవలెనని రాజునకును విధి కలదు. సిఫారసు వాకిలి చూపునే గాని, లోపల నిలుపజాలదు. ఇంతటి గ్రంథము చిరకాలము మరుగుపడియుండి, మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్ర ప్రతినుండి శామశాస్త్రిగారి చేతులమీదుగా 1909లో అచ్చయ్యెను. గ్రంథాలయమున్నందున దక్కిన విద్యయిది.

కుంఫిణీవారి కాలమునకు వచ్చినచో కావలి సోదరుల కథ కానవచ్చును. కావలి వెంకట బొర్రయ్య కర్నల్ మెకంజీకడ చేరి, శాసనములును కైఫీయతులును సేకరించుటలో అతనికి కుడిభుజమయ్యెను. 1803లో బొర్రయ్య మరణింపగా తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత వహించెను. అన్న పేరు అతనికి ద్వారమయ్యెను. నిలిపినది మాత్రము స్వీయకృషి. 1821లో మెకంజీ గతించిన పిదప, ఆ పని తాను కొనసాగింతునని లక్ష్మయ్య 1830ల దశకమున కోరుకొనెను. దానికి కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారు సమ్మతింపలేదు. అంతటి కార్యమునకు స్వదేశీయుడు నాయకుడు కాజాలడని ప్రిన్సెప్ మొదలగువారు తలచిరి. విద్య యున్నది, అనుభవమున్నది, పరిచయమున్నది. అయినను పుట్టుక అడ్డుపడినది.

పుట్టుక అడ్డుపడుట దొరల కొలువులందే యనుకొనుట పొరపాటు. మన గ్రామములందు మునసబీ, కరణీకము తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె సంక్రమించుచుండెను. 1895 నాటి మద్రాసు చట్టము దీనికి బలమిచ్చెను. లెక్కలెరిగిన పరుడు వాకిట నిలిచియుండ, లెక్కలెరుగని వారసుడు లోపల కూర్చుండిన ఊళ్లు లేకపోలేదు. తెనాలి ప్రాంతమునందలి పెరవలిపాలెపు మునసబు పదవికి దరఖాస్తులు పిలువబడగా, ఒకనిని రెవెన్యూ డివిజనల్ అధికారి ఎంపికచేసెను. వంశహక్కును బట్టి పై అధికారులు దానిని మరియొకనికి ఇచ్చిరి. ఆ వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. వంశమును బట్టి పదవి నిరాకరించుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వెలువడెను. ఒక పల్లె తగవు దేశమున కంతకు న్యాయమయ్యెను. 1984లో ఆంధ్రప్రదేశమున ఆ గ్రామాధికారి పదవులే రద్దుకాబడినవి. అనుభవించిన కుటుంబములకు అది కష్టమే. న్యాయముకాదని మాత్రము చెప్పజాలము.

ఇంగ్లండునందును డైరెక్టర్ల సిఫారసుతో లభించుచుండిన సివిలు కొలువులకు 1855 నుండి పోటీపరీక్షలు జరిగినవి. మద్రాసు రాజధానిలో 1929లో సర్వీసు కమీషను ఏర్పడెను. పరీక్షాపద్ధతి వచ్చుటతో వాకిలి అందరికిని తెరువబడినదని చెప్పుదురు. కాని ప్రకటన చదువ పత్రిక లేనివానికి, చదువ పుస్తకము లేనివానికి, సందేహము తీర్చు పెద్ద లేనివానికి తెరచిన తలుపును మూసినట్లే యుండును. ధనికుని బిడ్డకు బంధువులు కలరు; నగరవాసికి స్నేహితులు కలరు. పల్లెలోని పేదబిడ్డకు గ్రంథాలయమే బంధువు. అచట పత్రిక కలదు, గ్రంథము కలదు. చదివి ముందునకు పోయినవాడు తిరిగివచ్చి తరువాతివానికి దారిచెప్పు అరుగు కలదు.

పాండవులకు ధౌమ్యుడుండెను. ప్రతి బిడ్డకును అట్టి పురోహితుడు దొరకడు. ఆ లోటును తీర్చుచున్నంతకాలము గ్రామ గ్రంథాలయము వర్ధిల్లును గాక!