పరిగె కాగితములు: కోతపండుగ కార్డుల పూర్వోత్తరములు

1843వ సంవత్సరము మన సంఘ చరిత్రలో మరువరానిది. ఆ నవంబరులో రాబర్ట్ నోబుల్ దొరగారు బందరులో పాఠశాల తెరచిరి. అదియే తరువాత నోబుల్ కళాశాల అయ్యెను. ఆయన 1841లో హెన్రీ ఫాక్స్ దొరగారితో కలిసి చర్చి మిషనరీ సొసైటీ పక్షమున అక్కడికి వచ్చి, 1865లో అక్కడనే కన్నుమూసిరి. ఇదంతయు మన పెద్దలు పలుమారులు వ్రాసినదే. అయితే అదే సంవత్సరము ఇంగ్లండులో మరి రెండు చిన్న సంగతులు జరిగెను. ఆ రెండును కలిసి నేడు మన స్త్రీల మైత్రి గదిలో కత్తెర, జిగురుగిన్నెల నడుమకు వచ్చియున్నవి.

మొదటిది: కార్న్‌వాల్ సముద్రతీరమున మోర్వెన్‌స్టో అను గ్రామపు గురువైన రాబర్ట్ హాకర్ అక్టోబరు మొదటి ఆదివారమున, కొత్త ధాన్యపు రొట్టెతో ప్రభు భోజనము ఆచరింప తన సంఘమును పిలిచెను. నేటి కోతపండుగ ఆరాధనకు అది ఆరంభమని చెప్పుదురు. రెండవది: లండనులో హెన్రీ కోల్ అను ఉద్యోగి పండుగకు మిత్రులందరికి జాబులు వ్రాయ తీరికలేక, జాన్ హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ గీయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చు వేయించెను. అదియే మొదటి క్రిస్మసు కార్డు. నడుమ విందు బొమ్మ, ఇరుప్రక్కల పేదలకు అన్నవస్త్రములిచ్చు బొమ్మలు. విందులో చిన్నబిడ్డకు ద్రాక్షారసము త్రాగించుచున్నట్లు గీసినందున మద్యపాన వ్యతిరేకులు మండిపడిరి. నాకు తోచునది వేరు. కార్డు వెల షిల్లింగు. బొమ్మ అంచున నిలిచిన పేదవాడు దానిని కొనగలవాడు కాడు.

అక్టోబరు మన డెల్టాకు కోతకాలము కాదు. ఆశ్వయుజ కార్తికములలో సార్వా వరి పొట్టమీదనో, ఈనికమీదనో ఉండును. అది తుఫానుల కాలము గూడ. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పది వేలమంది వరకు పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ గతి వేరుగా చెప్పనక్కరలేదు. కనుక మనవారు కుప్ప పడువరకు పంట పండినదని నోట అనరు. పండుగ ఆ తరువాతనే. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు, ఈ పండుగను గ్రామసంఘములలో ఎంతో ప్రోత్సహించిరి. సంఘము పైవారి సొమ్ముతో కాక తన పంటలోనుండి దేవునికిచ్చుట నేర్వవలెనని వారి పట్టుదల.

కాని ఎవరి పంట? మన సంఘస్థులలో ఎక్కువమంది సెంటు భూమి లేని కూలీలు. వారు తెచ్చినది కూలికి వచ్చిన గింజలు, పరిగె ఏరిన కంకులు. రూతు ఏరినదియు పరిగెయే గదా. ఆ కంకులతో కుచ్చులు అల్లి చర్చి దూలములకు వ్రేలాడదీయుట నా చిన్ననాట చూచితిని. పిచ్చుకలు ఆరాధన మధ్య వచ్చి తినిపోవుచుండెడివి. ఇప్పుడు కోతయంత్రము దిగి, ఒక్కపూటలో మడి కోసి, గింజను ట్రాక్టరులో పోసి పోవుచున్నది. గింజల కూలి పోయినది, ఏరుటకు పరిగె మిగులుట లేదు. పండుగనాడు బజారులో కొన్న గుమ్మడికాయ తెచ్చి వేలమునకు పెట్టుచున్నారు. తప్పనను. అయితే పెదపారుపూడిలో ఒక పెద్దామె నన్ను అడిగినది: "అయ్యగారూ, నేను కొడవలి పట్టి నాలుగేళ్లయింది. నాకు కోతపండగేంటండీ?" వేదాంత కళాశాలలో చదివినదేదియు ఆ పూట నాకు అక్కరకు రాలేదు.

కార్డుల పని ఆ ఏడే మొదలైనది. ఈనాడు స్థాపకులు రామోజీరావుగారు 1936లో పుట్టిన ఊరు గనుక ఇక్కడ కాగితమునకు కరువా అని యౌవనస్థులు నవ్విరి. ఇంటింట పాత శుభలేఖలు, కేలండరు అట్టలు, సబ్బు పెట్టెలు, టీ పొట్లముల వెండి కాగితము, వ్రాసి నిండిన నోటుపుస్తకములు ప్రోగుచేసితిమి. శుభలేఖను తిప్పి మడచిన లోపలి తెలుపు వ్రాతకు పనికివచ్చును. మొదటి ఏడు వట్టి గంజితో అంటించగా బొద్దింకలు కొరికివేసెను. పచ్చి కంకులు పెట్టినవాటికి బూజు పట్టెను. ఇప్పుడు మైదా ఉడికించి, పుస్తకములు కుట్టువారు చేయునట్లు చిటికెడు మైలుతుత్తము కలుపుచున్నాము. అది విషము గనుక జిగురు పని పెద్దలదే. ఎండుగడ్డి పరకను నిలువునా చీల్చి, నానబెట్టి, ఇస్త్రీపెట్టెతో చదును చేసి అంటించినచో బంగారువలె మెరయును.

చిత్తుకాగితముల పని ఏల అని ఒకరిద్దరు చిన్నబుచ్చుకొనిరి. తంజావూరు క్రైస్తవుడైన జె.సి. కుమారప్పగారు 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘమును నడుపుచు, వార్ధాలో చేతికాగితపు పనిని ఎంతో గౌరవముతో సాగించిరని వారికి చెప్పితిని. 1949లో చెకోస్లొవేకియాలో జిట్కా అను ఏడేండ్ల బాలిక, యుద్ధానంతరము తన గ్రామమునకు అందిన ఆహారమునకు కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసెను. కాగితము దొరకక గాజుపలకపై వేసెను. యునిసెఫ్ వారి మొదటి కార్డు ఆ బొమ్మయే.

ఆ పెద్దామె రెండవ వారము వచ్చి, కొంగుముడి విప్పి ఒక చీటి ఇచ్చినది. చివరిసారి కోతకు పోయిన ముఠా కూలి లెక్క. పదకొండుగురు స్త్రీల పేర్లు. అందులో ముగ్గురు ఇప్పుడు లేరు. చించవద్దనియు, పేర్లు పైకి కనబడునట్లు అంటించవలెననియు ఆమె కోరిక. చుట్టును గడ్డిపరకల అంచు కట్టి, హైదరాబాదులో వాచ్‌మన్ పనిలోనున్న ఆమె కుమారునికి టపాలో పంపితిమి. ఆమెకు చదువు రాదు. కార్డు అందిన రాత్రి అతడు ఫోనులో ఆ పేర్లన్నియు వరుసగా తల్లికి చదివి వినిపించెనట.