మన కొండలలో సీమ సరుకు

ఓడ మీద వచ్చిన ప్రతి వస్తువునకు ముందు "సీమ" అను మాట తగిలించుట మన పెద్దల వాడుక. సీమ పెంకు, సీమ సున్నము, సీమ గుడ్డ. ఆ వరుసలో సీమ బోల్టును కూడ చేర్చవచ్చునని మా అభిప్రాయము. ఉగాది సంచికలో పండుగ గురించి, పద్యముల గురించి వ్రాయగలవారు మన సంఘములో చాలమంది కలరు. మేము స్టోర్సు కాగితములతో కాలము గడుపు రైల్వే గుమాస్తాలము. మాకు తెలిసినది ఇనుప సామాను. ఒక ముక్క అరిగి, దాని జోడు సముద్రముల అవతల వుండినపుడు కోరాపుట్, రాయగడ ప్రాంతములో పని ఎట్లు సాగినది, అమ్మినవాడే లేకుండ పోయిన నాడు ఏమైనది అన్న సంగతి కొంత చెప్పదలచినాము.

ఈ కొండలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు విశాఖపట్నము జిల్లాలోనివి. (మనము వలస వచ్చినామా, సరిహద్దే వలస వెళ్ళినదా అని అడుగువారికి మేము సమాధానము చెప్పలేము.) అప్పటికే రైలు వచ్చినది. విజయనగరమునుండి పార్వతీపురము దాక ముందుగా వేసిన దారిని పొడిగించి, 1931లో రాయగడ మీదుగా రాయపూరునకు కలిపిరి. అది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దారి. కంపెనీకి పెద్ద కార్ఖానా ఖరగ్‌పూరులో వుండెను. మనవారు వేలకొలది అచ్చట స్థిరపడుటకు అదియే కారణము. కాని కంపెనీ డైరెక్టర్ల బోర్డు లండనులో కూర్చుండెడిది. పట్టాలు జంషెడ్‌పూరులో టాటావారు తయారుచేయుచునే వుండిరి గాని, ఇంజనులోని సన్నని సామానుకు మాత్రము సీమకే వ్రాయవలెను.

ఆ వ్రాయుట ఎట్టిదో నేటి పిల్లలకు తెలియదు. ఫిట్టరు అరిగిన ముక్కను మేస్త్రీకి చూపును. మేస్త్రీ కేటలాగు తీసి నంబరు వెదకును. గుమాస్తా లెడ్జరు చూచి, సరుకు నిల్వ లేదని నిర్ధారించి ఇండెంటు వ్రాయును. అది పై కచేరీలు దాటి సముద్రపు తపాలాలో లండను చేరవలెను. తొందరైనచో తంతి కొట్టవచ్చును, కాని తంతికి మాటకింత అని రుసుము. అందుచేత ఆనాటి యంత్రముల కంపెనీలు తమ కేటలాగులలో ఒక్కొక్క వస్తువు ప్రక్కన ఒక సంకేత పదము అచ్చువేసెడివి. ఆ ఒక్క మాట కొడితే ఫలానా వాల్వు, ఫలానా సైజు అని అవతలివారికి తెలియును. ఒక్క అక్షరము తప్పితే వచ్చునది మరొక వస్తువే. పైగా ఓడ దిగిన పిమ్మట గాని ఆ తప్పు బయటపడదు. విశాఖ రేవు 1933లో తెరువబడినది; కలకత్తా దాక పోనక్కరలేకుండ సరుకు మన ముంగిటనే దిగుటకు అప్పటినుండియే వీలు కలిగినది.

ఇక బోల్టు మరల సంగతి. ఇందులోనే అసలు చిక్కు వున్నది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంగ్లీషు ఇంజనీరు మర చుట్టుకు ఒక కొలత నిర్ణయించెను. చుట్టు కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అను ఆయన అట్లు కాదని 60 డిగ్రీలు పెట్టెను. అర అంగుళము బోల్టు తీసికొనుడు. ఇంగ్లీషుదానికి అంగుళమునకు 12 చుట్లు, అమెరికాదానికి 13. రెండును ప్రక్కప్రక్కన పెట్టినచో అక్కచెల్లెళ్ళవలె వుండును. దాని నట్టు దీనికి తొడిగితే రెండు మూడు చుట్లు తిరిగి బిగిసి కూర్చుండును. బలవంతము చేసితిమా రెండును పాడు. చాల సైజులలో చుట్ల సంఖ్య సమానమే గాని కోణము వేరు. అది ఇంకను ప్రమాదము, ఎందుకనగా నట్టు ఎక్కును, బిగిసినట్లే కనబడును, బండి అదురునకు మెల్లగా వదులగును. పానాలలోను తేడాయే. ఇంగ్లీషు పానా మీద వున్న అంకె బోల్టు లావును చెప్పును, అమెరికా పానా మీద వున్నది నట్టు వెడల్పు. కొత్తగా వచ్చిన కుర్రవాడు అంకె చూచి పానా తెచ్చి పెద్దవారిచేత చీవాట్లు తినుట కార్ఖానాలలో మామూలు.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ తేడా మిత్రరాజ్యములకే తలనొప్పి అయినది. ఇంగ్లీషువారి ఫిరంగికి అమెరికా బోల్టు పట్టదు. ఆ అనుభవము మీదనే 1948లో ఇంగ్లండు, అమెరికా, కెనడా మూడును కలిసి ఒకే మరకు ఒప్పుకొన్నవి. యుద్ధకాలములో మన ప్రాంతమునకు కష్టము వేరు రకము. ఓడలు సైన్యమునకు పోయినవి, సీమ సరుకు తగ్గినది, 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు విశాఖ మీద బాంబులు వేసినవి. అదే జపాను కొరకు అదే రేవునకు మన కొండలమీదుగా రైలు దారి వేయుదుమని నాడు ఎవ్వరనుకొనిరి?

ఆ దారియే కొత్తవలస – కిరందుల్ లైను. బైలడిలా ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకు 1960లో ఒప్పందము కుదిరెను. ఆ దశకములోనే అనంతగిరి కొండలు తొలిచి, అరకు, కోరాపుట్, జయపురముల మీదుగా దారి వేసిరి. సిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 990 మీటర్లపైన వున్నది. 1980 ప్రాంతములలో కరెంటు దారి అగువరకు ఈ కొండ ఎక్కినవి డీజిలు ఇంజనులు. వాని నమూనా అమెరికాలోని ఆల్కో కంపెనీది. అనగా ఇంగ్లీషు మరలకు అలవాటుపడిన మన స్టోర్సులోనికి అమెరికా మర వచ్చినది. అదే కాలములో మన దేశము మెట్రిక్ కొలతలకు మారుచుండెను. ఒకే బీరువాలో మూడు రకముల నట్లు మూడు సొరుగులలో పెట్టి, చీటీలు అంటించి, తాళము వేయవలసి వచ్చెను. దీనికి తోడు 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించగా డాలరు ₹4.76 నుండి ₹7.50 అయినది. నిన్నటి అంచనా నేడు చాలదు. ఇండెంటు మరల వ్రాయవలెను.

ఇప్పుడు అమ్మినవాడు పోయిన కథ. ఆ పాత కంపెనీ నడిపిన గారట్ అను బ్రహ్మాండమైన ఆవిరి ఇంజనులను చేసినది మాంచెస్టరులోని బేయర్ పీకాక్. ఆ కార్ఖానా 1966లో మూతబడెను. ఆల్కో కూడ 1969లో ఇంజనుల తయారీ మానివేసెను. రెండింటి మధ్య మూడేండ్ల తేడా మాత్రమే, కాని ఫలితములో చాల వ్యత్యాసము కలదు. ఆవిరి ఇంజనుల కాలమే ముగియుచుండెను గనుక గారట్లు క్రమముగా మూలబడినవి. ఆల్కో విషయములో అట్లు కాలేదు. 1962లోనే ఒప్పందము చేసికొని, డ్రాయింగులు తెచ్చుకొని, 1964లో కాశీలో డీజిలు కార్ఖానా తెరచిరి. మొదట అమెరికానుండి వచ్చిన ముక్కలను కూర్చిరి, పిదప ఒక్కొక్క ముక్కనే ఇచ్చట చేయ నేర్చిరి. కన్నతల్లి వంటి కంపెనీ పోయిన తరువాత నలువది యేండ్లకు పైగా ఆ జాతి ఇంజను కాశీలో పుట్టుచునే వుండెను. సామాను కొనుటకును, సామాను కాగితము కొనుటకును ఎంత భేదమున్నదో స్టోర్సు గుమాస్తా అయినవానికి ఇంతకంటె చక్కగా చెప్పు ఉదాహరణము లేదు.

సునాబేడ సంగతి మరింత గడ్డుది. మిగ్–21 విమానము కొరకు 1962లో సోవియట్ రష్యాతో ఒప్పందము జరిగినది. విమానపు కాయము నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ సామాను హైదరాబాదులో, ఇంజను మన కోరాపుట్ జిల్లాలో. ఇంజను కార్ఖానా ఈ కొండలకు వచ్చుటకు నాటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుదలయే కారణమని ఇచ్చట చెప్పుకొందురు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఆ కార్ఖానా చుట్టు ఒక పట్టణమే లేచినది. మన తెలుగు కుటుంబములు ఎన్నియో ఆ క్వార్టర్లలోనే పెరిగినవి. రష్యా సరుకు మెట్రిక్ సరుకే. మర మీద తగాదా లేదు. తగాదా ఉక్కు మీద. విమాన ఇంజనులోని బోల్టు కొలత సరిపోయినంత మాత్రమున చాలదు. ఏ ఉక్కు, ఏ కొలిమిలో ఏ వేడికి కాగినది, ఎవరు పరీక్షించిరి అను కాగితము దానితో రావలెను. కాగితము లేని బోల్టు ఎంత బాగున్నను పారవేయవలసినదే. పైగా 1967నుండి 1975 వరకు సూయజ్ కాలువ మూతబడుటచే ఒడెస్సానుండి వచ్చు ఓడలు ఆఫ్రికాను చుట్టి రావలసి వచ్చెను.

1991లో సోవియట్ రాజ్యమే పోయినది. ఒక కంపెనీ మూతబడుట వేరు, ఒక దేశము అంతరించుట వేరు. అప్పటిదాక మాస్కోకు ఒక ఉత్తరము వ్రాసి రూపాయలలో చెల్లించితే సరుకు వచ్చెడిది. ఆపైన ఒక ఇంజనుకు కావలసిన ముక్కలు చేయు కార్ఖానాలు వేరువేరు దేశములలో పడినవి, డాలర్లు అడిగినవి. అయినను సునాబేడ కొలుములు ఆరిపోలేదు. మిగ్–21కు, మిగ్–27కు, మిగ్–29కి, సుఖోయ్–30కి ఇంజనులు అక్కడినుండియే వెళ్ళినవి. ఎవరో ఒకరు అరిగిన ముక్కను కొలిచి, ఉక్కును పరీక్షకు పంపి, లేతు మీద తిప్పి, పనికిరాదని త్రోసివేసిన దానిని మరల తిప్పి వుండనిదే ఇది జరుగదు. వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. మన సంఘము పెద్దలు పూనుకొని ఆ పాత ఫిట్టర్లను, టర్నర్లను అడిగి వ్రాయించిన బాగుండునని మా మనవి. చాలమంది ఇప్పటికే ముసలివారైనారు.

మిగ్–21 విమానములు 2025 సెప్టెంబరు 26న సెలవు పుచ్చుకొన్నవి. అంతకు ముందటి యేడు సెప్టెంబరులో సుఖోయ్ కొరకు 240 ఇంజనులు చేయుటకు సునాబేడకు ఒప్పందము దక్కెను. ఏటికి 30 చొప్పున 8 యేండ్లు. ఆ గడువు ముగియునప్పటికి ఇచ్చటి సరుకు 63 శాతము దాక పెంచవలెనని నిర్ణయించినారు. మిగిలినది ఇంకను సీమ సరుకే.